విశ్రాంతిలో ఉన్న నా నంబరు

పూర్వం ఒక మనిషి ఈ భూమ్మీద ఉన్నాడని రుజువు చెయ్యడానికి ఆ మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే సరిపోయేది. ఆ అనాగరిక కాలం ముగిసింది. ఇప్పుడు మనిషి అంటే పది అంకెలు. ఆ పది అంకెలనీ జేబులో పెట్టుకుని తిరగడానికి వీలుగా ఒళ్ళంటూ ఒకటి ఇచ్చారు, అంతే.

ఈ సత్యం తెలియక నేను మొన్నామధ్య ఒక సోమవారం కొత్త స్మార్ట్‌ఫోన్ కొన్నాను. పనిలో పనిగా సిమ్ కూడా కొత్త కంపెనీకి మార్చాను. కొన్న పదిహేను రోజుల్లోగా 'తొలి అభిప్రాయం' రాసి పంపాలనీ, పంపకపోతే నన్ను అభిప్రాయం లేని వినియోగదారుగా నమోదు చేస్తామనీ కంపెనీవారు మెసేజ్ పెట్టారు. ఇంట్లో ఆ హోదా నాకు ఎలాగూ ఉంది. బయట కూడా ఎందుకని రాస్తున్నాను.

నాది రబ్బరు స్టాంపుల షాపు. ఈ ఊళ్ళో ఏ ఆఫీసులో మీ కాగితం మీద 'తిరస్కరించడమైనది' అని పడినా అందులో నా చెయ్యి ఉంటుంది. అంచేత ఆఫీసులంటే నాకు మొదటినుంచీ గౌరవమే.

ముందు ఫోన్ సంగతి. పెట్టె చాలా బాగుంది. పెట్టెలో పెట్టె, దాన్లో ఇంకో పెట్టె, దాన్లో ఫోన్, ఫోన్ కింద ఒక సూది. ఛార్జర్ లేదు. (పర్యావరణాన్ని కాపాడటం కోసం తీసేశారట. కాపాడిన పర్యావరణాన్ని పక్క కౌంటర్లో విడిగా అమ్ముతున్నారు.) ఆన్ చెయ్యగానే నూట అరవై పేజీల షరతులు చూపించి, 'అన్నీ చదివి అర్థం చేసుకున్నాను' అన్నచోట నొక్కమంది. నొక్కాను. ఏ మనిషితోనైనా మొదటి అబద్ధం ఆడటానికి నాకు కనీసం వారం పడుతుంది. దీంతో నాలుగో నిమిషంలోనే ఆడేశాను. తర్వాత మొహం చూపించమంది. చూపిస్తే, 'మొహం సరిగ్గా పెట్టండి' అంది. ఈ మాట మా ఆవిడ రోజూ అనేదే కాబట్టి నేను నొచ్చుకోలేదు.

ఈ కెమెరాతో చంద్రుడి మీద గుంటలు కూడా లెక్కపెట్టొచ్చని సేల్స్‌మన్ చెప్పాడు. నాకు చంద్రుడితో పనిలేదు.

"మా అక్క ఫోన్ చేస్తే మోగుతుందా?" అని అడిగాను.

అతను కాసేపు ఆలోచించాడు. "ఆ ఫీచర్ కూడా ఉండే ఉంటుంది సార్."

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళు టైపిస్టుగా పనిచేసింది. ఇప్పుడు చూపు దాదాపు పోయింది. కూతురి దగ్గర ఉంటుంది, మా ఇంటినుంచి రెండు బస్సులు మారాలి. రోజూ పొద్దున్న సరిగ్గా పదింటికి ల్యాండ్‌లైన్ నుంచి నాకు ఫోన్ చేస్తుంది. విశేషమేమిటంటే నా నంబరు ఎంత అని అడిగితే అక్క చెప్పలేదు. ఫోన్ చేతికిస్తే వేళ్ళు వాటంతట అవే నొక్కేస్తాయి. పదహారేళ్ళుగా ఆ వేళ్ళకి తెలిసిన నంబరు అదొక్కటే. ఒక్క బటన్ నొక్కితే కలిసేలా పెట్టిస్తానని మా మేనకోడలు అంటే, "ముసలితనం నా కళ్ళకొచ్చిందే, వేళ్ళకి కాదు" అని కసిరింది. పోనీ నేనే చేస్తానంటే, "నువ్వు చేస్తే నీకు తీరినప్పుడు మాట్లాడాలి. నేను చేస్తే నాకు తోచినప్పుడు మాట్లాడతాను" అంది. సాయంత్రాలు రేడియో వింటుంది, ఆ టైంలో ఇల్లు అంటుకున్నా ఫోన్ ఎత్తదు.

కాబట్టి నేను కంపెనీ మారడానికి పెట్టిన షరతు ఒకటే. నంబరు మారకూడదు.

"నంబరు ఎక్కడికి పోతుంది సార్, మీ నంబరు మీదే" అన్నాడు సేల్స్‌మన్ గుండె మీద చెయ్యేసుకుని. ఒకటి రెండు రోజులు మోగకపోవచ్చు, కంగారుపడకని అక్కకి ముందురోజే చెప్పి వచ్చాను.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి నా నంబరు పాత కంపెనీ నుంచి బయల్దేరింది. కొత్త కంపెనీకి చేరలేదు. (రెండు ఆఫీసులూ ఒకే భవనంలో ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో కాళ్ళు తుడుచుకునే పట్టా ఒకటి.) ఈలోగా వాడుకోమని వేరే నంబరు ఒకటి ఇచ్చారు. మంగళవారం, బుధవారం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. నా కాల్ వాళ్ళకి చాలా ముఖ్యమైనదని నలభై నిమిషాలు చెప్పారు. అంత ముఖ్యమైనదాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలినట్టు లేదు.

గురువారం పదింటికి ఆగలేక నేనే అక్కకి చేశాను. ఎంగేజ్. పావుగంట తర్వాతా ఎంగేజ్. నా గుండె చెరువైపోయింది. పాపం, కళ్ళు కనబడని మనిషి, మోగని నంబరుని పట్టుకుని మళ్ళీ మళ్ళీ నొక్కుతూ కూర్చుందన్నమాట. షాపు మా ఆవిడకి అప్పజెప్పి కంపెనీ ఆఫీసుకి పరిగెత్తాను.

లోపలికి వెళ్ళాలంటే టోకెన్ కావాలి. టోకెన్ రిజిస్టరైన నంబరుకి వస్తుంది.

"ఆ నంబరు పనిచెయ్యట్లేదనే కదయ్యా నేను వచ్చింది!" అన్నాను గార్డుతో.

"అదే చెప్పండి లోపల. టోకెన్ తీసుకుని" అన్నాడు.

నా వెనక నిలబడ్డాయన ఆరు రోజులుగా వస్తున్నాడట. ఇంటినుంచి మడతకుర్చీ తెచ్చుకున్నాడు. ఆయన టోకెన్ మీద ఇద్దరం వెళ్ళాం, అన్నదమ్ములమని చెప్పి.

లోపల 'సంఖ్యా సంక్షేమాధికారి' అన్న బోర్డు వెనక ఒకమ్మాయి కూర్చుని ఉంది. చాలా మర్యాదస్తురాలు. నా వివరాలు చూసి మెత్తగా నవ్వింది.

"మీ నంబరు విశ్రాంతికి వెళ్ళిందండి."

"నంబరుకి విశ్రాంతేమిటమ్మా?"

"పదహారేళ్ళు ఏకధాటిగా పనిచేసింది కదండీ. పద్నాలుగో నియమం ప్రకారం కంపెనీ మారే ప్రతి నంబరుకీ ఒక రోజు విశ్రాంతి ఇస్తాం."

"ఆ రోజు మంగళవారంతో అయిపోయిందిగా!"

"అయిపోయిందండి. కానీ తీసుకెళ్ళడానికి మీరు రాలేదు. ఎవరూ రాని నంబరుని పద్దెనిమిదో నియమం ప్రకారం వేరే వాళ్ళకి ఇచ్చేస్తాం. మంగళవారం సాయంత్రమే ఇచ్చేశాం."

"నాకు చెప్పొద్దూ?"

"మెసేజ్ పంపామండి."

"ఏ నంబరుకి?"

"మీ నంబరుకేనండి."

నేను ఫిర్యాదు రాసిచ్చాను. ఆ అమ్మాయి శ్రద్ధగా చదివి, ఒక నంబరు గురించిన ఫిర్యాదు ఆ నంబరు నుంచే రావాలని వివరించి, స్టాంపు తీసి గట్టిగా ఒత్తింది. 'తిరస్కరించడమైనది.' నేను పోయినేడాది చేసిన స్టాంపే. ఒక్క అక్షరం అరగలేదు. ఆ పరిస్థితిలో కూడా కొంచెం గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

నా మొహం చూసి ఆ అమ్మాయికి జాలేసినట్టుంది. గొంతు తగ్గించి, "ఇంకో దారి ఉందండి. ఇప్పుడు ఆ నంబరు వాడుతున్నాయన సంతకం పెడితే మీకు తిరిగి ఇచ్చేస్తాం" అంటూ ఒక ఫారం ఇచ్చింది.

"ఆయనెవరు?"

"అది చెప్పకూడదండి. వినియోగదారుల గోప్యత."

"మరి నేను ఆయన్నెలా పట్టుకోను?"

"ఆయన నంబరు మీ దగ్గరుంది కదండీ" అంది.

శుక్రవారం పదింటికి షాపులో కూర్చుని నా నంబరుకి నేనే ఫోన్ చేశాను. ఎంగేజ్. అక్కకి చేశాను. ఎంగేజ్. మళ్ళీ నాకు, మళ్ళీ అక్కకి. అరగంట ఇదే వరస.

"ఏమండీ, రెండూ ఒకేసారి ఎంగేజ్ వస్తున్నాయంటే..." అని మా ఆవిడ ఏదో అనబోయింది.

"నేనిక్కడ కంగారులో ఉంటే మధ్యలో నీ గోలేమిటి?" అన్నాను. ఆవిడ నావైపు ఒక చూపు చూసి స్టాంపులు సర్దుకోవడంలో పడింది. (ఆ చూపుకి అర్థం నాకు ఆ నంబరాయన్ని కలిశాక గాని బోధపడలేదు.)

పదకొండింటికి నా నంబరు మోగింది. అవతలి మనిషి ఎత్తీ ఎత్తగానే, "చెప్పండి, ఏ ఊరికి?" అన్నాడు.

బస్ స్టేషన్‌లో విచారణ కౌంటరు ఉద్యోగి. కొత్త సిమ్ తీసుకుంటే ఈ నంబరు ఇచ్చారట. నా గొడవ చెబితే, "అయ్యో, దానికేముందండీ, రండి, సంతకం పెట్టేస్తాను" అన్నాడు. ఇన్ని రోజుల్లో ఒక్క మాటకి ఒప్పుకున్నవాడు అతనొక్కడే. అతని పేరున ఒక నియమం కూడా లేదు.

వెళ్ళాను. కౌంటరు ముందు పెద్ద తెర ఒకటి పెట్టారు. ఇప్పుడు అందరూ ఆ తెరనే అడుగుతారు. బస్సు ఎన్నింటికో అది తప్పు చెప్పినా సరే, వెనక అద్దంలో ఉన్న మనిషిని అడగరు. ఉద్యోగం మాత్రం తియ్యలేదు కాబట్టి అతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా 'విచారణ' అన్న బోర్డు కింద కూర్చుంటాడు. ఫారం అందుకుని వెంటనే సంతకం చేశాడు.

"కాకపోతే సార్, పెద్దమ్మగారితో మీరే ఒకమాట చెప్పాలి" అన్నాడు.

"ఏ పెద్దమ్మగారు?"

"రోజూ పదింటికి చేస్తారండీ. బుధవారం మొదటిసారి చేసినప్పుడే చెప్పాను, నేను మీ తమ్ముణ్ణి కానమ్మా అని. 'తెలుస్తూనే ఉంది నాయనా, నువ్వు ఖాళీగా ఉన్నావా?' అన్నారు. ఉన్నానన్నాను." కాస్త సిగ్గుపడ్డాడు. "బయట ఏం కనిపిస్తోందో చెప్పమంటారు. చెప్తూంటానండీ, బస్సులూ, దిగేవాళ్ళూ, ఎక్కేవాళ్ళూ. ఏడో ప్లాట్‌ఫాం దగ్గర కుక్క పిల్లల్ని పెట్టింది. నాలుగు. వాటిలో ఒకటి కుంటిది. దాని సంగతి రోజూ అడుగుతారు."

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. పదహారేళ్ళుగా అక్క నన్నూ అడుగుతూనే ఉంది, "బయట ఎలా ఉందిరా?" అని. ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేతులతో రబ్బరు కోసుకుంటూ, "ఎప్పట్లాగే ఉందక్కా" అనేవాణ్ణి. షాపు ముందు ఏముందో నేను తలెత్తి చూసి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు. సిగ్గేసింది. దాన్ని దాచుకోవడానికి అతని మీద కోపం తెచ్చుకోబోయాను గానీ, సంతకం పెట్టేసిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

ఆదివారం ఫారం జేబులో పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను.

"నంబరు దొరికిందక్కా! రేపు ఫారం ఇస్తే వచ్చేస్తుంది. నీ ఫోన్ మళ్ళీ నాకే వస్తుంది" అన్నాను.

"ఆహా" అంది అక్క. కాసేపు చీరకొంగు వేళ్ళకి చుట్టుకుంది. "మంచిదేలే. నీ నంబరు నీకు రావాలి కదా."

"సంతోషంగా లేదా నీకు?"

"ఉందిరా. ఎందుకుండదు?" చీరకొంగు వదిలేసింది. "ఒరేయ్, ఆ కుంటిది పాలు తాగుతోందా?"

"నాకేం తెలుసక్కా?"

"అదేలే" అంది అక్క. నిష్ఠూరంగా కాదు. నిష్ఠూరంగా అని ఉంటే బాగుండేదనిపించింది.

సోమవారం పొద్దున్నే కంపెనీ ఆఫీసుకి బయల్దేరి, షాపు దాకా వెళ్ళి ఆగిపోయాను. ఫారం బల్ల మీద పరిచాను. బల్ల మీద తయారుగా ఉన్న స్టాంపుల్లోంచి ఒకటి తీసి, సిరా అద్ది, 'తిరస్కరించడమైనది' అని నేనే ఒత్తాను. మా ఆవిడ దగ్గరికొచ్చింది. తిన్నగా పడిందో లేదో వంగి చూసింది.

ఇప్పుడు పదింటికి నా ఫోన్ మోగదు. పదకొండింటికి నేనే అక్కకి చేస్తున్నాను. చేసేముందు గుమ్మంలోకి వెళ్ళి వీధి అంతా శ్రద్ధగా చూసి వస్తున్నాను. మొన్న, "అక్కా, బయట మబ్బు పట్టి..." అని మొదలుపెట్టానో లేదో, "అతను చెప్పాడులేరా" అంది. నిమిషమున్నరలో పనుందని పెట్టేసింది.

నా తొలి అభిప్రాయం ఇంతే. కంపెనీవారి ఫారంలో ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది: 'మీరు మా కంపెనీకి మారిన తర్వాత మీ నంబరులో జరిగే సంభాషణల నాణ్యత మెరుగుపడిందా?'

'చాలా మెరుగుపడింది' అన్నచోట నొక్కాను. ఈ ఫోన్‌లో నేను చదివి, అర్థం చేసుకుని నొక్కింది అదొక్కటే.