సగం తెర మంత్రిగారిది

ఇకమీదట ప్రభుత్వంలో ఏ ఫైలూ మరో ఫైలు వెనక దాక్కోదని మంత్రిగారు ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

"మౌస్ పట్టుకుని అటూ ఇటూ తోస్తూ కూర్చునే రోజులు పోయాయి. మీట నొక్కితే చాలు! తెరిచిన విండోలన్నీ గచ్చు మీద టైల్స్ లాగా పక్కపక్కన సర్దుకుంటాయి. ఒకదాని మీదకి ఇంకోటి ఎక్కదు. ఇదీ పారదర్శకత అంటే!" అని ఆయన బల్ల గుద్దారు. మర్నాటికల్లా ఆఫీసుల్లోని మౌస్‌లన్నీ గోనెసంచుల్లోకెక్కి వెళ్ళిపోయాయి.

ఈ సంస్కరణతో మా ఇంటికి దగ్గర సంబంధం ఉంది. మా అక్క బట్టలు కుట్టే కొట్టు పెట్టుకుంది. శుక్రవారం లోగా అనుమతి తెచ్చుకోకపోతే తాళం వేస్తానని ఇన్‌స్పెక్టరు చెప్పి వెళ్ళాడు. దరఖాస్తేమో అనుమతుల ఆఫీసు కంప్యూటర్లో చాన్నాళ్ళుగా ఏ విండో అడుగునో పడి ఉంది. మంత్రిగారి పుణ్యమా అని ఇక పైకి తేలుతుందని ఇద్దరం సంబరంగా వెళ్ళాం.

తేలింది కూడా. సూపరింటెండెంటుగారు మీట నొక్కగానే తెరంతా చకచకా సర్దుకుంది. ఎడమ సగం నిండా మంత్రిగారి ఫోటో, చిరునవ్వుతో. కుడి సగంలో మిగతా ప్రజానీకం.

"ఆ ఫోటో కాస్త జరపకూడదాండీ?" అన్నాను.

"అది మాస్టర్ విండో. సగం తెర దానిదే. దాన్ని మూసే అధికారం మంత్రిగారికి తప్ప ఎవరికీ లేదు. ఒకవేళ మూస్తే వరసలో ముందున్న ఫైలు వచ్చి ఆ చోట్లో కూర్చుంటుంది. అంత పొగరు ఏ ఫైలుకుంటుంది చెప్పండి?"

"మరి మాదేదీ?"

"అదిగో, వరసలో మొదటిది. కళ్ళెదుటే ఉందిగా!"

ఉంది, ఆవగింజంత. మేం చూస్తుండగానే ఎవరిదో కొత్త దరఖాస్తు వచ్చింది. మాది పాపం ఇంకాస్త ఒదిగి చోటిచ్చింది.

"అయితే చదవండి," అంది అక్క.

"కనబడాలన్నారు గానీ చదవగలగాలని అన్లేదమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ.

"సూదిలో దారం ఎక్కించే కళ్ళండీ నావి. నాకే ఆనడం లేదు. మిగతావి కొన్ని మూసేయొచ్చుగా?"

"పని పూర్తికాకుండా ఫైలు మూస్తే నా ఉద్యోగం మూస్తారు."

"పూర్తి చేయండి మరి!"

"చదవకుండా ఎలా చేస్తానమ్మా?"

ఆయన మాట సబబుగానే తోచి నేను తలూపాను.

గురువారానికి పారదర్శకత తెర దాటి బయటికొచ్చింది. మనిషి వెనక మనిషి నిలబడటం కూడా దాపరికమేనని క్యూ రద్దు చేశారు. హాల్లో సగానికి తాడు కట్టి, అందులో మంత్రిగారి కోసం ఒక కుర్చీ వేశారు. మిగతా సగంలో మేమంతా పక్కపక్కన నిలబడ్డాం. తలుపు తెరుచుకుని కొత్తమనిషి వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి సన్నబడ్డాం.

శుక్రవారం మంత్రిగారు విలేఖరుల్ని వెంటేసుకుని స్వయంగా వేంచేశారు. నా చేతులు వాటంతటవే చప్పట్లకి లేచాయి.

"సాయంత్రం నా కొట్టుకి తాళం పడుతుంటే నీకు చప్పట్లొస్తున్నాయిరా?" అంది అక్క. ఆ మాటకి నాకు నిజంగానే సిగ్గేసింది.

మంత్రిగారు కీబోర్డు ముందు కూర్చుని వేళ్ళు విరుచుకున్నారు. ఏ మీటలు నొక్కాలో పీఏ చెవిలో చెప్పాడు. మంత్రిగారు పొరపాటున వాటి పక్కనున్న మీట నొక్కారు.

తెర మీది మంత్రిగారు మాయమయ్యారు. ఆ సగంలోకి మా అక్క దరఖాస్తు వచ్చి కూర్చుంది. అక్షరాలు ఒక్కొక్కటీ అరచేయంత. కెమెరాలన్నీ అటు తిరిగాయి. సూపరింటెండెంటుగారు ఇటూ అటూ చూసి, దారిలేక గడగడా చదివేశారు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయే!" అని ఆశ్చర్యపోయి అక్కడికక్కడే అనుమతి ఇచ్చేశారు. పని పూర్తవగానే ఆ విండో మూసి, తర్వాతి దరఖాస్తు ఆ చోట్లోకి రాగానే అదీ చదివేశారు. హాలంతా ఈలలు, కేకలు. అక్క నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

"ఏం చేశానయ్యా?" అని మంత్రిగారు మెల్లగా అడిగారు.

"అద్భుతం చేశారు సార్," అన్నాడు పీఏ, ఫోటోని హడావిడిగా మళ్ళీ తెరుస్తూ.

"మళ్ళీ నొక్కండి సార్!" అని జనం ఒక్క గొంతుతో అరిచారు. ప్రజాభిమానానికి కరిగిపోయి మంత్రిగారు మళ్ళీ నొక్కారు.

ఇప్పుడాయన ఆఫీసు ఆఫీసుకీ తిరిగి నొక్కుతున్నారు. అన్నిచోట్లా ఇదే స్పందన. జనం ఇంత ఊపులో ఉండగానే ఎన్నికలు పెట్టించేస్తే మంచిదని ఆలోచిస్తున్నారట.

మా అక్క కొట్లో మిషను తొక్కుతూ ఈ కబురు విని, "ఆయనకెందుకురా పాపం అంత శ్రమ? ఈసారి మనమే నొక్కుదాం," అంది.