ఆరు సీసాల నూతినీళ్ళు

ప్రవల్లిక వేసుకున్న ప్రణాళికలో తప్పేమీ లేదు. పొద్దున్నే సైకిలెక్కి, కవిటి చుట్టుపక్కల ఆరు ఊళ్ళు తిరిగి, ఊరికో నూతిలోంచి సీసాడు నీళ్ళు తోడుకోవాలి. సీసా మీద ఊరి పేరు అంటించాలి. నాన్న చేపలకు వాడే థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి సర్దాలి. మర్నాడు పలాసలో రైలెక్కాలి. ఆ ప్రణాళికలో వాళ్ళమ్మ బొడ్డమ్మకి చోటివ్వకపోవడమే పొరపాటని తరవాత తేలింది.

అది 2005 మే నెల. టెక్కలిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న ప్రవల్లికకి, వేసవిలో ఎనిమిది వారాలు తమ దగ్గర పనిచేయమని జర్మనీలో ఒక పరిశోధనశాల వాళ్ళు అవకాశమిచ్చారు. తమ వైపు ఎంతోమందికి కిడ్నీలు చెడిపోతున్నాయని, ఎందుకో ఎవరూ చెప్పలేకపోతున్నారని, తాగే నీళ్ళలో ఏముందో చూడాలని ఉందని ఆమె దరఖాస్తులో రాసింది. రాయనిది ఇంకొకటుంది. వాళ్ళ నాన్న బైరాగి వేటకి వెళ్ళడం మానేసి రెండేళ్ళయింది. కాళ్ళు వాచిపోయి, ఒడ్డున పడవ మీద చెయ్యి వేసుకుని సముద్రం కేసి చూస్తూ నిలబడతాడు. ఆయన నీళ్ళ గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ప్రవల్లిక ఆ గ్లాసు కేసే చూసేది.

పది గంటలకల్లా ఆరు సీసాలూ ఇంటికొచ్చాయి. "అమ్మా, ఈటిని ముట్టుకోకు. జర్మనీ అట్టుకెల్లాలి" అని చెప్పి, జెరాక్సుల కోసం ఆమె పలాస బస్సెక్కింది.

ముట్టుకోవద్దంటే ముట్టుకునే మనిషి కాదు బొడ్డమ్మ. మూతలు తీసి చూసిందంతే. ఒకదాంట్లో అడుగున బురద, ఇంకోదాంట్లో నాచు, పెట్టె పుణ్యమా అని అన్నిటికీ నీసు వాసన. నడుం మీద చెయ్యి వేసుకుని మొగుడి వంక చూసింది.

"సూసినావా నీ కూతురి యవ్వారం. అంత దూరం ఎల్తా ఈ మడ్డినీళ్ళు అట్టుకెల్తాదట. ఆళ్ళేటనుకుంతారు మనల్ని?"

"తాగడానికి కాదేమోనే" అన్నాడు బైరాగి.

"నీళ్ళు తాగడానిక్కాక ఇంక దేనికి?"

బైరాగి లేచి పడవ దగ్గరికి నడిచాడు.

పరాయి మనిషికి నీళ్ళిచ్చేటప్పుడు నూతిలోంచి తోడినవి తోడినట్టు ఇవ్వడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. బొడ్డమ్మ ఆరు సీసాలూ అరటిచెట్టు మొదట్లో పారబోసి చింతపండు వేసి కడిగింది. ఊళ్ళోకెల్లా తియ్యని నీళ్ళని పేరున్న జనార్దనరావుగారి కొబ్బరితోట నూతికి మైలు దూరం నడిచి రెండు బిందెలు తెచ్చింది. కుండ లోపల చిల్లగింజ అరగదీసి, నీళ్ళు పోసి, మడ్డి దిగేదాకా కూర్చుంది. తేరుకున్న నీళ్ళని కొబ్బరిమట్టల పొయ్యి మీద మరగకాచి, కొత్త తువ్వాలుతో వడగట్టి సీసాలు నింపింది. ఊడిపోయిన కాగితాలు అన్నం మెతుకులతో అంటించింది. ఆమెకు చదువు రాదు కనక ఏ ఊరి కాగితం ఏ సీసాకెళ్ళినా పేచీ లేకపోయింది.

ప్రవల్లిక తిరిగొచ్చేసరికి బైరాగి పెట్టెను వలతాడుతో బిగించేసి ఉంచాడు. నాన్న వేసిన ముడి విప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. పెట్టె అలాగే జర్మనీ చేరింది.

మూడో వారంలో ఫలితాలొచ్చాయి. ఆరు ఊళ్ళ నీళ్ళూ అచ్చం ఒక్కలాగే ఉన్నాయి. ప్రొఫెసర్ హార్ట్‌మన్ యంత్రాన్ని అనుమానించాడు. వేరే ఊరి నుంచి మెకానిక్కు వచ్చి, రెండు రోజులు దాన్ని విప్పి, మళ్ళీ బిగించి, యంత్రం నిక్షేపంలా ఉందని చెప్పి వెళ్ళాడు. తరవాత ప్రొఫెసర్ ప్రవల్లిక చేతిని అనుమానించాడు. ఆదివారం తలుపు కూడా తియ్యని ఆ పరిశోధనశాలకి ఆదివారం వచ్చి, స్వయంగా పరీక్ష చేశాడు. అదే ఫలితం. సోమవారం నుంచి ఆయనకి అనుమానం పోయి ఆనందం మొదలైంది.

ఆరు ఊళ్ళ కిందా ఒకే భూగర్భ నది పారుతోందని తేల్చాడాయన. శ్రీకాకుళం తీరం పటం తెప్పించి, కవిటి నుంచి కంచిలి దాకా నీలం పెన్సిలుతో గీత గీశాడు. కొండలకి విహారం వెళ్ళడం మానుకున్నాడు. చివరి వారంలో నలభైమంది శాస్త్రవేత్తలను పిలిచి, వాళ్ళ ముందు ప్రవల్లిక చేత మాట్లాడించాలని నిర్ణయించాడు. ప్రవల్లికకి కాళ్ళు నేల మీద ఆనలేదు. నది ఒకటే అయితే కారణమూ ఒకటే అయి ఉంటుంది. అది దొరికితే నాన్న మళ్ళీ పడవెక్కుతాడు. ఆ నాలుగు వారాలూ ఆమె హాయిగా నిద్రపోయింది.

సభకి రెండు రోజుల ముందు, ఇంకోసారి చూద్దామని ఆరో సీసా మూత తీసింది. నీళ్ళలోంచి సన్నగా పొగవాసన వచ్చింది. కొబ్బరిమట్టల పొగ. ఇల్లు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరుక్షణం సంగతి అర్థమై అవి ఆగిపోయాయి.

వాళ్ళ ఊళ్ళో మధ్యాహ్నమయ్యే వేళ చూసుకుని, ఢిల్లీరావు ఎస్టీడీ బూతుకి ఫోన్ చేసింది. ఢిల్లీరావు కబురు పంపితే బొడ్డమ్మ వచ్చింది. వెనకాల వీధి వీధంతా వచ్చింది.

"అమ్మా, సీసాల్లో నీళ్ళు మార్సినావా?"

"మార్సకపోతే ఆ మడ్డినీళ్ళు పంపుతానేటి? తాగినారా ఆళ్ళు? ఏటన్నారు?"

"ఎవులూ తాగనేదమ్మా."

"తాగనేదట" అని ఢిల్లీరావు వీధికి చెప్పడం వినపడింది.

"అంత కట్టపడి కాసినాను. ఒక్కుడూ తాగనేదా" అంది బొడ్డమ్మ, గొంతు తగ్గించి. సీసాలు పారబోసిన దగ్గర్నుంచి కాగితాలు అంటించిన దాకా తాను పడ్డ కష్టమంతా ఏకరువు పెట్టింది.

ప్రవల్లికకి కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది. "అయ్యకెలాగున్నాది?" అని అడిగింది.

"అలాగే ఉన్నాడు. నాను కాసిన నీళ్ళు తప్ప ఇంకేటీ తాగడు."

నోరు మూసుకుంటే నది ఉంటుంది, ప్రొఫెసర్ మెప్పు ఉంటుంది, వచ్చే ఏడాది మళ్ళీ పిలుపూ ఉంటుంది. రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. చివరికి నలభైమంది ముందు నిలబడి, అరటిచెట్టు మొదలు నుంచి అన్నం మెతుకుల దాకా జరిగింది జరిగినట్టు చెప్పేసింది. సభ పగలబడి నవ్వింది. ప్రొఫెసర్ నవ్వలేదు. లేచి, నీలం గీత ఉన్న పటాన్ని మెల్లిగా చుట్టేశాడు.

"మీ ఊళ్ళో నూతిలోంచి తోడిన నీళ్ళు తోడినట్టే తాగేదెవరు?" అని అడిగాడు.

ప్రవల్లిక ఆలోచించింది. "ఎవరూ తాగరండి. ఇంటింటా కుండలో తేర్చుకునే తాగుతారు."

"మీ నాన్నగారు?"

"అమ్మ కాచి కుండలో పోసిన నీళ్ళే తాగుతారు."

"అయితే మనం ఎవరూ తాగని నీళ్ళని పరీక్షించబోయాం. మనుషులు నిజంగా తాగే నీళ్ళు పంపింది మీ అమ్మగారొక్కరే. వెతకాల్సింది నూతిలో కాదు, కుండలో."

డిసెంబరులో వంద సీసాలతో తానే వస్తానని, ఇంటింటికీ తిప్పే బాధ్యత ప్రవల్లికదేనని చెప్పాడు. నాన్న జబ్బుకి కారణం దొరకలేదు. అయినా వెతకాల్సిన చోటు తెలిసినందుకు ఆమె వరండాలోకి వెళ్ళి తనివితీరా ఏడ్చింది.

డిసెంబరులో ప్రొఫెసర్ పలాసలో దిగి ఆటోలో ఊరికొచ్చాడు. ఈసారి ప్రవల్లిక అమ్మకి ముందే మూడుసార్లు చెప్పింది, ఉన్న నీళ్ళు ఉన్నట్టే ఉంచమని. బొడ్డమ్మ నీళ్ళ జోలికి పోలేదు. ప్రొఫెసర్ కుండ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఇది ఎన్నేళ్ళుగా వాడుతున్నారని ప్రవల్లిక చేత అడిగించాడు.

"నిన్న సంతలో కొన్నాను" అంది బొడ్డమ్మ గర్వంగా. "దొరొత్తాడని పాతది పారేయమన్నాను."

పక్కింటికి వెళ్ళారు. అక్కడా కుండ కొత్తదే. ఆ వీధిలో పదిహేడిళ్ళలోనూ కొత్త కుండలే. దొర వస్తున్నాడన్న కబురు బొడ్డమ్మ ఊరంతా చెప్పింది. పదిహేడో ఇంటి గుమ్మంలో ప్రవల్లిక కూలబడిపోయింది. ఇంతదూరం వచ్చిన మనిషికి చూపించడానికి ఊళ్ళో ఒక్క పాత కుండ లేదు.

అప్పుడు బైరాగి కర్ర ఊతంగా వచ్చి, కూతురి పక్కన నిలబడ్డాడు.

"మీయమ్మ పారేయమన్నాది గానీ, నాను పారేయనేదు తల్లీ. పడవ కింద ఎట్టినాను. కొత్తకుండ నీళ్ళు మట్టివాసనొత్తన్నాయి. నానిప్పటికీ అందులోయే తాగుతన్నాను."

ప్రొఫెసర్ పడవ దగ్గరికి నడిచి, అంచు విరిగిన ఆ నల్లటి కుండలోంచి రెండు సీసాలు నింపుకున్నాడు. బైరాగి వాటిని పెట్టెలో సర్ది, వలతాడుతో ముడి వేశాడు. పెట్టె ఆటో ఎక్కేదాకా ప్రవల్లిక దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

అంత మడ్డికుండ నీళ్ళు పరాయి దేశం పంపించి పరువు తీశాడని, బొడ్డమ్మ వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు.