ఒక్కపూట వేడి కూర

ఆ రోజు పొద్దున్నే రిబ్కా గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి, వంటింటి తలుపు దగ్గరికి వేసి, వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆమెకూ భర్త తోమాసుకూ పెళ్లిరోజు. మణుగూరు కాలనీ గేటు ఎదురుగా కోటేష్ కొత్తగా పెట్టిన హోటల్లో మధ్యాహ్నం బగారన్నం, నాటుకోడి కూర తినాలని ఆమె వారం కిందటే అనుకుంది.

"ఇంట్ల వండుకుంటే కాదా?" అన్నాడు తోమాసు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"కోడి దొరుకుతది. వండే మనిషే ఇయ్యాల దొరకదు."

తోమాసు చర్చిలో సంఘపెద్ద. మంచివాడు. భోజనానికి ముందు ఆయన చేసే ప్రార్థన మాత్రం మధిరలో ఉన్న చిన్నాన్న మోకాళ్ల నొప్పి దగ్గర బయలుదేరి, కాలనీలో జ్వరపడ్డవాళ్లందరినీ పలకరించి, వానల మీదుగా, పత్తి ధర మీదుగా తిరిగి ఇల్లు చేరేది. ఈలోగా కూర చల్లారేది. ఆమెన్ అనగానే రిబ్కా లేచి ఆయనకూ కూతురు స్తుతికీ మళ్లీ వేడి చేసి పెట్టేది. తను కూర్చునేసరికి గిన్నెలో మిగిలింది మళ్లీ చల్లారేది. పెళ్లయినప్పటి నుంచి ఆమె వేడి కూర రుచి చూసింది అరచేతిలో చుక్క వేసుకుని, ఉప్పు సరిపోయిందో లేదో చూసుకునేటప్పుడే.

"ఒక్క మాట," అంది రిబ్కా గడప దాటుతూ. "హోటల్ల పొట్టి ప్రార్థన చెయ్యి. నేను వేడివేడిగ తినాలె."

"దేవునితోని మాట్లాడేటప్పుడు తొందర పెట్టొద్దు రిబ్కా."

"దేవుడు ఆగుతడు. కూర ఆగదు."

హోటల్లో హాతీరాం వడ్డించాడు. వాడు పనిలో చేరి రెండో రోజు. కోటేష్ వాడికి ఒకే పాఠం చెప్పాడు: ముందర పెట్టింది ఎవరన్నా ముట్టకుండా కూర్చున్నారంటే అందులో ఏదో పడ్డట్టు, వాళ్లు నోరు తెరవకముందే తీసుకొచ్చెయ్. హాతీరాం గోడ పక్కన నిలబడి చూశాడు. ముగ్గురూ తలలు వంచుకున్నారు. పెద్దాయన ఏదో గొణుగుతున్నాడు. కూర నుంచి పొగలు వస్తున్నా చేతులు కదలడం లేదు. వాడు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి కూర గిన్నె ఎత్తుకుపోయాడు. మసాలా వాసన దూరమైపోవడం రిబ్కాకు తెలిసింది. ప్రార్థనలో కళ్లు తెరవడం ఆమెకు అలవాటు లేదు గనుక ఊరుకుంది.

ఆమెన్ అని కళ్లు తెరిస్తే బల్ల మీద బగారన్నం, ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మకాయ బద్దలే ఉన్నాయి.

"కూర ఏది తమ్మి?" అంది స్తుతి.

"మీకు నచ్చలేదని తీసినక్కా. వేరేది తెస్తున్న."

ఇంకో గిన్నె వచ్చింది. మొదటిదానికన్నా ఎక్కువ పొగలు కక్కుతోంది. రిబ్కా చెయ్యి పెట్టబోయింది.

"ఆగు," అన్నాడు తోమాసు. "మనం చేసిన ప్రార్థన పోయిన కూరకు. దీనికి చెయ్యలే."

"రెండూ ఒక్క కోడే అయ్యుంటది కదయ్యా."

తోమాసు అప్పటికే కళ్లు మూసుకున్నాడు. ఈసారి హాతీరాంను కూడా ప్రార్థనలో చేర్చాడు. తర్వాత పెళ్లిరోజు గుర్తొచ్చింది. ఈ ఇల్లాలిని తనకిచ్చినందుకు వందనాలు చెబుతుంటే చెంపల మీదుగా నీళ్లు కారాయి.

పక్క బల్ల దగ్గర మొదటి షిఫ్టు దిగి వచ్చిన గని కార్మికుడు భీమయ్య అది చూశాడు. "ఎవరు పోయిండ్రురా?" అని హాతీరాంను మెల్లగా అడిగాడు.

"తెల్వదన్నా. వచ్చిన కాడికెల్లి ఒక్క మెతుకు ముట్టలే."

గనులున్న ఊరు. ఎవరైనా పోయారని తెలిస్తే విన్నచోటే లేచి మౌనంగా నిలబడటం అక్కడివాళ్ల అలవాటు. భీమయ్య చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. ఆయన వెంట వచ్చినవాళ్లు నిలబడ్డారు. తర్వాత హాలంతా నిలబడింది. కోటేష్ టీవీ ఆపాడు. వంటమనిషి పొయ్యిలన్నీ ఆపేసి గరిటెతోనే బయటికొచ్చి తల వంచాడు. హోటలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేసరికి, జనమంతా భక్తితో తన ప్రార్థనలో కలిశారనుకున్నాడు తోమాసు. గొంతు సవరించుకుని మధిర నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

మధిర పేరు వినగానే రిబ్కా కళ్లు తెరిచింది. నిలబడ్డ జనాన్ని చూసింది. గిన్నె మీద పలచబడుతున్న పొగను చూసింది. జనం సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంది. "ప్రభువా, వేడి కూర ఇచ్చినందుకు వందనాలు, ఆమెన్," అని బగారన్నంలో కూర కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక చురుక్కుమంది. ఇంకో ముద్ద పెట్టుకుంది. హోటలంతా ఆమెనే చూస్తోంది. ఆమె ఎముక అందుకుని చీకింది.

"గుండె రాయి చేసుకున్నవక్కా," అన్నాడు భీమయ్య దిగులుగా. "పోయింది ఎవరు?"

"ఎవరు పోలే తమ్మి. మా ఇంటాయన ప్రార్థన చేస్తుండు. కూసోండ్రి."

కుర్చీలు కిర్రుమన్నాయి. చల్లారిన పప్పులు, పేరుకుపోయిన పులుసులు చూసుకుని జనం సణిగారు. "మల్ల వేడి చేస్తరా?" అని ఎవరో అడిగితే, పొయ్యిలు ఇప్పుడే ఆపామని వంటమనిషి గరిటె ఊపాడు. ఆ గోలకు తోమాసు కళ్లు తెరిచాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. భార్య విస్తరిలో ఎముకల కుప్ప ఉంది.

"ప్రార్థన ఇంక కాలే కదా రిబ్కా."

"నీది కాలే. నాదయింది."

ఆమె ఇంకాస్త అన్నం పెట్టించుకుంది. అది కూడా ఆమె తినేదాకా చూసి, తోమాసు చేసేదేమీ లేక ఒక ముద్ద కలుపుకున్నాడు. నమలడం ఆపి గిన్నెలోకి తొంగి చూశాడు.

"ఇదేంది, గింత సల్లగున్నది?"

"పెద్ద ప్రార్థన తర్వాత కూర గట్లనే ఉంటదయ్యా," అంది రిబ్కా వేళ్లు నాకుతూ.

ఆ మాటకు గట్టిగా ఆమెన్ అన్నది భీమయ్య. ఆయన ఎన్నడూ చర్చి మెట్లెక్కినవాడు కాదు.