టేకు నేల కింద రెండు పొరలు

నా కాలి వేళ్లు తొమ్మిది. పోయిన ఏడాది ప్రారంభ నిల్వ పది. కరీంనగర్ ఆసుపత్రిలో తరుగు ఒకటి. లక్సెట్టిపేటలో ముప్ఫై ఏళ్లుగా బెల్లం అమ్ముతున్న కిషన్‌రావుకు షుగర్ రావడంలో వింత లేదని మా బజారంతా అంటుంది. వింత లేకపోవచ్చు. వేలు కూడా లేదు.

డాక్టర్ చెప్పిన లెక్క చిన్నది. పాదాల్లో స్పర్శ పోయింది. ఇంకో పుండు పడి ముదిరితే పాదమే తీసేయాలి. కాబట్టి చెప్పులు విడవొద్దు, తీపి ముట్టొద్దు. ఈ రెండు షరతులనూ నా భార్య రుక్మాబాయి కోర్టు తీర్పులా అమలు చేస్తోంది.

నా పడక మేడ మీద. సరిగ్గా దాని కింద వంటగది. నా మంచానికీ, మూలన పాత ఇన్వర్టరు వెనక నేను దాచిన బెల్లం డబ్బాకూ మధ్య పదకొండు అడుగులు. మధ్యాహ్నం బయలుదేరితే, టైల్స్ మీద చెప్పుల చప్పుడు మూడో అడుగుకే కిందికి చేరిపోయేది.

“ఏడికి పోతున్నరు?”

“కిటికీ ఎయ్యనీకి.”

“కిటికీ మంచం పక్కనే ఉన్నది గద!”

డబ్బా ఇంకా ఎనిమిది అడుగులుండగానే రోజూ ఓడిపోతే ఏ మనిషైనా ఏదో ఒకటి ఆలోచిస్తాడు. నేను చెక్క నేల ఆలోచించాను.

“టైల్స్ సల్లగుంటున్నయి రుక్మా. టేకు పలకలు పరిపిస్త.”

“ముల్లు గుచ్చినా తెల్వని కాళ్లకు సలి ఎట్ల తెలిసింది?”

“మనసుకు తెలిసింది.”

ఆమె నా మొహం చూసి, జాలిపడి ఊరుకుంది.

కరీంనగర్ దుకాణంలో ఓంప్రకాశ్ సేటు, పలకల కింద పరిచే షీట్లు మూడు రకాలు ముందు పెట్టాడు: తెల్ల ఫోం, కార్కు, రబ్బరు. “నేల సాపుగున్నదా? తేమ వస్తదా?” అని అడిగాడు.

“చప్పుడు మింగేది ఏది?”

“ఎవల చప్పుడు?”

“మనుమలు దుంకుతరు.” నాకు మనుమలు లేరు.

“కార్కు తీస్కపోండ్రి. ఒక్క పొర సాలు.”

ఒక పొర సగం చప్పుడు మింగితే రెండు పొరలు మొత్తం మింగాలి. ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో నాకొచ్చిన లెక్క అది. కార్కు, దాని మీదికి దళసరి ఫోం, రెండూ కొన్నాను.

పలకలు పరచడానికి వచ్చిన వడ్రంగి, వడ్ల సదానందం తల గోక్కున్నాడు. “సేటు, రెండు పరిస్తే మెత్తగై పలకలు...”

“నువ్వు వడ్లాయనవా, డాక్టర్‌వా? పరుచు.”

అతను చాయ్ తాగి వస్తానని కింద వంటగదికి వెళ్లాడు. తిరిగొస్తుంటే వెనక నుంచి రుక్మాబాయి గొంతు వినిపించింది. “ఆయన చెప్పినట్లే చెయ్యి సదానందం. రెండు పొరలెయ్యి.”

‘ఆయన చెప్పినట్లే’ అనే మాట ఈ ఇంట్లో మొదటిసారి విన్నాను. బేరమాడకుండా సరుకు ఎత్తుకునేవాడి నోటును నేను వెలుతురుకు పట్టి చూస్తాను. ఆ రోజు ఎందుకో చూడలేదు.

మరునాడు మధ్యాహ్నం, ఇంకాస్త నిశ్శబ్దం కోసం చెప్పులు కూడా విడిచి బయలుదేరాను. మొదటి అడుగు పట్టులా పడింది. రెండో అడుగుకు నేల కిర్రుమంది. మూడోది చెరకు బండిలా మూలిగింది. చప్పుడు ఎలాగూ అయింది, ఇక సరుకైనా దక్కాలని మిగతా అడుగులు పరుగున వేసి, ఒక ముక్క బుగ్గన పెట్టుకున్నాను.

తిరిగి చూస్తే గుమ్మంలో రుక్మాబాయి. చేతులకు పిండి. చెప్పడానికి నా దగ్గర మూడు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె నా నోటి వంక చూడలేదు. నేల చూస్తోంది.

కొత్త టేకు మీద, అడుగు విడిచి అడుగుకో ఎర్ర చుక్క. కుంకుమ అనుకున్నాను. చుక్కల వరుస నా ఎడమ పాదం దగ్గర ఆగింది.

“కూసోండ్రి.”

కూర్చున్నాను. ఆమె నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని లాగింది. పలకల మధ్య పడిపోయిన సన్న మేకు బయటికొచ్చింది. ఎవరిదో కాలు చూస్తున్నట్టు చూశాను. నొప్పి లేదు.

“ఉమ్మండ్రి,” అంది. ఉమ్మాను.

కబురు పంపితే సదానందం పరుగెత్తుకొచ్చాడు. “నేను జూసి ఊడ్సెటిదుండె సేటు, తప్పయింది. గా రెండు పొరలకు పలకలు కిందికి మీదికి ఊగి కిర్రుమంటయని నిన్ననే అమ్మకు చెప్పిన. అమ్మ గట్లనే గావాలన్నది.”

నేను రుక్మాబాయి వైపు తిరిగాను. ఆమె తల ఎత్తకుండా గాయం కడుగుతోంది.

“మీ కాళ్లు మీకేం చెప్తలేవు. కనీసం నాకైన చెప్పాలె గద.”

అదే రోజు తీసుకొచ్చారు కాబట్టి సరిపోయిందనీ, వారం తెలియకుండా తిరిగి ఉంటే కోతేననీ కరీంనగర్ డాక్టర్ అన్నాడు. తొమ్మిది తొమ్మిదిగానే మిగిలాయి.

కట్టు విప్పిన రోజు సదానందం మళ్లీ వచ్చాడు. “పలకలిప్పి ఒక పొర గుంజేస్త సేటు. పైసలొద్దు. చప్పుడు పోతది.”

రుక్మాబాయి నా వంకే చూస్తోంది.

“ఉండనీ,” అన్నాను. “వినేటోళ్లున్నరు.”

“గట్లయితే చెప్పులు తొడుక్కొని తిరుగుండ్రి,” అంది ఆమె లేస్తూ. “పొద్దంత చెవులు మీదికి వెట్టుకోని కూసుంటే, కింద నా కూర మాడుతున్నది.”