మోగిన గంటలు, పడిన గోళీలు

పోలింగు రోజు ఉదయం వాగన్ ఫాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికల్లా ఊరి బడికి వెళ్లాలి, ఓటుకని ఇచ్చే గోళీని తన డ్రమ్ములో వేయాలి, ఆ తరువాత ఒక మూల కూర్చుని ఎవరూ ఎవరినీ మోసం చేయకుండా చూడాలి. ముప్పై ఏళ్లు ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టిన అకౌంటెంటు ఆయన. పదవీ విరమణ చేసిన మర్నాడే అసలు గాంబియా దేశపు లెక్కే తప్పిందని తేల్చుకుని, ఏ పార్టీ అండా లేకుండా అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. కారు లేదు గనక ఆరు నెలలు సైకిల్ మీద గంట కొట్టుకుంటూ ఊరూరూ తిరిగాడు. జనం మర్యాదగా దారి ఇచ్చారు. ఓటు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

దేశమంతా గెలుస్తానన్న భ్రమ ఆయనకూ లేదు. సొంత ఊళ్లో పది గోళీలు పడితే చాలు, తను పిచ్చివాడు కాదని తేలుతుంది. పది కూడా పడకపోతే జీవితంలో మళ్లీ రాజకీయం ఎత్తనని భార్య కుంబాకు మాట కూడా ఇచ్చాడు.

"మరి నీ గోళీ ఎవరికి?" అని వేరుశనగ జావ తాగుతూ అడిగాడు.

"అడక్కుండా ఉండడానికే కదా అక్కడ తెర కట్టేది," అంది కుంబా. ఆయన జావ ముగించేలోపే తలగుడ్డ చుట్టుకుని వెళ్లి, వరసలో అందరికంటే ముందు నిలబడింది.

అక్కడి ఓటు పద్ధతి చెవులకు సంబంధించింది. తెర వెనక ఒక్కో అభ్యర్థికీ బొమ్మ అంటించిన ఒక్కో రంగు డ్రమ్ము ఉంటుంది. గోళీ లోపల పడగానే గంట ఒక్కసారి మోగుతుంది. ఒక మనిషి, ఒక గోళీ, ఒక మోత. రెండు మోగితే దొంగ ఓటు. అందుకే, సైకిల్ గంటతో ఆ మోత కలిసిపోతుందని, ఆ రోజు పోలింగు కేంద్రం దరిదాపుల్లోకి సైకిళ్లు రానివ్వరు. చట్టం తెలిసిన వాగన్ తన సైకిల్‌ను పెరట్లో మామిడి చెట్టుకు ఆనించి నడిచి వెళ్లాడు. తాళం వేయలేదు.

తాళం వేసినా లాభం లేదు, ఎందుకంటే పక్క వీధిలో దర్జీ అన్సు బాజీ ఉన్నాడు. వాగన్ సెరేర్, అన్సు జోలా. ఈ రెండు తెగల మధ్యా తాతల నాటి వేళాకోళం వరస ఉంది. ఒకడు రెండోవాణ్ణి నా బానిస అన్నా కోపం రాకూడదు, ఒకడి ఇంట్లోంచి రెండోవాడు ఏం పట్టుకుపోయినా ఇదేమిటని అనకూడదు. అన్సు ఆరు నెలలుగా టీ దగ్గర అందరి ముందూ ఒకటే పాట పాడుతున్నాడు: నా బానిసను కుర్చీ ఎక్కిస్తే నా పొలం ఎవడు దున్నుతాడు?

బడిలో వాగన్ వెంటనే ఓటేయలేదు. వరస కాస్త పలచబడ్డాక వేద్దామని, గోడ పక్కన కూర్చుని పుస్తకం తెరిచాడు. వేలికి సిరా పూయించుకుని బయటికొచ్చిన ప్రతి మనిషికీ ఒక గీత, మోగిన ప్రతి గంటకూ ఒక గీత. పదిన్నరకు రెండు వరసలూ కూడి చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఓటింగ్ ఆపండి. వేసింది నూట పన్నెండు మంది. గంట నూట ముప్పై ఒక్కసారి మోగింది," అన్నాడు ఎన్నికల అధికారి జైనబాతో. ఆమె ఆ బడిలోనే పంతులమ్మ.

"మీరు పొరబడి ఉంటారు, సార్."

"ముప్పై ఏళ్లుగా ఆ మాట నాతో చాలామంది అన్నారమ్మా. తర్వాత వాళ్ల ఉద్యోగాలే పోయాయి."

జైనబా ఓటింగ్ ఆపింది. అప్పటిదాకా దేన్నీ లెక్కపెట్టని పెద్ద పార్టీల ఏజెంట్లు, తమకూ అనుమానంగానే ఉందంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు. పోలీసులు వచ్చి డ్రమ్ముల సీళ్లు చూశారు. బయట మూడు వందల మంది ఎడారి గాలి మోసుకొచ్చిన దుమ్ములో కూలబడ్డారు, ఎవరో టీకి బొగ్గులు రాజేశారు. ముసలివాళ్లు కాసేపు చూసి కర్రల ఊతతో మెల్లగా ఇళ్లకు బయల్దేరారు. వాగన్ మెట్ల మీద నిలబడి, లెక్క సరిగ్గా ఉంటేనే దేశం సరిగ్గా ఉంటుందని ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆరు నెలల్లో ఇంతమంది ఆయన మాట వినడం అదే మొదటిసారి.

అప్పుడు గంట మోగింది. తెర వెనక ఎవరూ లేరు. మోత వచ్చిన వైపు, బడి వెనక్కి అందరూ పరుగెత్తారు.

అక్కడ అన్సు బాజీ సైకిల్ దిగుతున్నాడు. క్యారియర్ మీద సీగా అనే ముసలామె ఉంది. ముందు దారికడ్డంగా మేక ఉంది. సైకిల్ వాగన్‌ది.

"ఏరా బానిసా, నీ మేకను తప్పుకోమను," అన్నాడు అన్సు.

"ఎన్నిసార్లు కొట్టావు గంట?"

"మనిషికొక్కసారి. కొట్టకపోతే ఈ మలుపులో మేకలు లేవవు. గట్టిగా నడవలేనివాళ్లను పందొమ్మిది మందిని తెచ్చి ఈ గోడ నీడలో కూర్చోబెట్టాను, వరస తగ్గాక వేయించుదామని. ఈవిడ ఇరవయ్యో మనిషి. మా బానిసకు వేయండి, లేకపోతే రోజూ నా టీయే తాగుతాడని చెప్పి ఒప్పించాను."

నూట పన్నెండూ పందొమ్మిదీ నూట ముప్పై ఒకటి. లెక్క కుదిరిందని వాగన్‌కు ముందు సంతోషం కలిగింది. ఆ తరువాత నీడకేసి చూశాడు. గోడ కింద ఒక్కరూ లేరు. కావలసిన పదికి దాదాపు రెట్టింపు మందిని తన నోటితోనే ఇళ్లకు పంపాడు. ఆయనకు నిలువునా సిగ్గేసింది.

ఈ గోల చూసి సీగా కూడా ఇంటిదారి పట్టింది. సైకిల్ ఎవరిదని పోలీసు అడిగాడు. నాదేనని వాగన్ అబద్ధమాడకుండా చెప్పాడు. పోలీసు దాన్ని పట్టుకుపోయాడు, జనం నవ్వారు, ఓటింగ్ మళ్లీ మొదలైంది. వాగన్ మిగిలిన పగలంతా ఆ ఇరవై గడపలూ నడిచి ఎక్కాడు. నిద్రపోయినవాళ్లు పోగా, మేలుకున్నవాళ్లు మొహం మీదే కాదన్నారు.

"పొద్దున సైకిల్ మీద తీసుకెళ్లారు, ఇప్పుడు నడిచి రమ్మంటున్నావు. అధ్యక్షుడివైతే మమ్మల్ని పాకిస్తావు నాయనా," అంది సీగా.

ఆయన దుమ్ము కొట్టుకుపోయి బడికి తిరిగొచ్చేసరికి అయిదు దాటింది, ఓటింగ్ ముగిసింది. లోపల జనం ముందే లెక్కింపు మొదలైంది. డ్రమ్ములు ఒక్కొక్కటే, లెక్క కోసం గుంటలు చేసిన పళ్లెంలో ఒంపుతున్నారు. పెద్ద పార్టీల గోళీలు పళ్లేలు నింపాయి. వాగన్ డ్రమ్ము వంచితే ఒక్క గోళీ దొర్లి, పళ్లెమంతా తిరిగి, ఒక గుంటలో కూర్చుంది.

"సొంత ఓటు," అన్నారెవరో. అందరూ నవ్వారు. వాగన్ కూడా తలూపి, అలవాటుగా తన వేలు చూసుకున్నాడు. దాని మీద సిరా లేదు. పొద్దుటి నుంచి అందరి ఓట్లకూ కాపలా కాసి తన ఓటు వేయడమే మర్చిపోయాడు.

అన్సు సిరా వేలు చూపించాడు. "అది నాదిరా. బానిస డ్రమ్ము ఖాళీగా ఉంటే యజమానికే కదా పరువు తక్కువ."

"కాదు, నాది," అంది కుంబా తన వేలు చాపి. "అడగొద్దన్నానే గానీ చెప్పనన్నానా?"

ఒక్క గోళీకి ఇద్దరు ఓటర్లు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు, అదీ తన కోసమే. ఎవరో తేల్చడానికి ఆయనకు రెండు ప్రశ్నలు చాలు. పుస్తకం తెరిచాడు, ఇద్దరి మొహాలూ చూశాడు, పుస్తకం మూసేశాడు. జైనబా ఫలితాల కాగితం ముందుకు జరిపింది.

ముప్పై ఏళ్లలో మొదటిసారి వాగన్ ఫాయ్ లెక్క కుదరకుండానే సంతకం పెట్టాడు.