కణితికి ఫోటో

మగవాడికి ఓర్పు నేర్పాలంటే ధ్యానం వద్దు, యోగా క్లాసులూ వద్దు. ఒక కెమెరా కొనిచ్చి, దానికి మూరెడు లెన్సు తగిలించండి చాలు!

నమ్మకం లేదా? నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు ధనుంజయరావునే తీసుకోండి. హోటల్లో ఇడ్లీ కాస్త ఆలస్యమైతే సర్వరు వంశాన్నంతా కడిగేసే మనిషి. అలాంటివాడు కార్తీకం వచ్చిందంటే మాచర్ల అవతల అడవి అంచున బోర్లా పడుకుని, చీమలు కుట్టినా కిక్కురుమనడు!

ఎందుకంటారా? కణితి కోసం. దుప్పికి పెద్దన్నలాంటి జంతువు లెండి, చెట్టుకొమ్మలంత కొమ్ములు. ఈ నెలలో పోతుకు మదమెక్కుతుంది. బురదలో పొర్లి, పొదలు కుమ్మి, ఆడదాని వెనకే తిరుగుతుంది. ఆ సంబడమంతా ఫోటో తీయాలి.

పోతు మేత మానేస్తే ధనుంజయరావు ఇట్టే కనిపెడతాడు. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా ఆయన కన్నుగప్పలేవు. "పాపం, చానా చిక్కిపోయింది" అని ఫేస్‌బుక్‌లో కుమిలిపోతాడు. ఇంత సున్నితమైన చూపు కెమెరా లేకపోతే వస్తుందా చెప్పండి?

ఇంట్లో భార్య జ్యోతిర్మయి మింగుడుపడక కంచంలో సగం అన్నం వదిలేసి లేస్తోంది. అది కనపడలేదంటే ఆయన తప్పు కాదండీ. వంటింట్లో లైటింగు సరిగా ఉండదు!

చివరికి ఆవిడే డాక్టరమ్మకు చూపించుకొచ్చింది.

"ఏమండీ, కణితికి ఫోటో తీయించాలంట."

"ఎక్కడ కనపడిందే?" ధనుంజయరావు ఒక్క గెంతు గెంతి కెమెరా బ్యాగు అందుకున్నాడు.

"నా గొంతులో."

ఆయన బ్యాగు కింద పెట్టేశాడు. మొహం చిన్నబోయింది. "అదా! స్కానింగా! ఈ సీజను పోనియ్యవే, తీసుకెళ్తా. ఇప్పుడు పోతే పోతు మళ్లీ ఏడాదికి గానీ దొరకదు."

న్యాయమే కదా! పెళ్లామైతే ఏడాది పొడుగునా దొరుకుతుంది.

జ్యోతిర్మయి పక్కింటి అమీనా బీని తోడు తీసుకుని స్కానింగుకు వెళ్లింది. గడ్డ పెద్దదే, వెంటనే తీసెయ్యాలి, ముక్క పరీక్షకు పంపితే గానీ మంచిదో చెడ్డదో చెప్పలేం అన్నారు. అక్కణ్ణుంచే మొగుడికి ఫోను మీద ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు. ఎలా ఎత్తుతాడు? రింగుకు పోతు బెదరదూ! అంత బాధ్యత తెలిసిన మనిషి కాబట్టే ఫోను సైలెంట్‌లో పెట్టుకున్నాడు. ఆవిడ అమీనా బీ చెయ్యి గట్టిగా పట్టుకుని ఆసుపత్రి బల్ల మీద కూలబడి ఏడ్చింది.

ఇక్కడే కెమెరా మహిమ చూడండి. సరిగ్గా ఆ రోజే ధనుంజయరావుకు జన్మ ధన్యమయ్యే ఫోటో పడింది! పోతు కొమ్ములెత్తి రంకె వేస్తోంది, ఎదురుగా ఆడకణితి బిక్కచచ్చి నిలబడింది. అడవి దాటి రాగానే ఫేస్‌బుక్‌లో పెట్టేశాడు. లైకులే లైకులు! "ఆ మూగజీవి కళ్లలో భయం ఎంత బాగా పట్టారు సార్!" అని ఊరంతా మెచ్చుకున్నారు. ఆయన ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా దణ్ణాలు పెట్టుకుంటూ పోయాడు.

అలా పోతూ పోతూ ఒక కామెంటు దగ్గర ఆగిపోయాడు. అది జ్యోతిర్మయిది.

"రేపు పొద్దున నా గొంతు ఆపరేషను. నాకు చానా భయంగా ఉంది. నాకేం కొమ్ముల్లేవనుకోండి, అయినా వస్తారా?"