కుడి మెట్లెక్కి, ఎడమ మెట్లు దిగి

"ఈ ప్రభుత్వంలో ఇక పనికిరానివాళ్ళంటూ ఎవరూ మిగలరు!" అని మంత్రిగారు ప్రకటించగానే, వేదిక మీదున్న అధికారులు ఒక్క క్షణం ఉలిక్కిపడ్డారు. ఆ మాట తమ గురించి కాదని, బుద్ధి ఎదుగుదల నిదానంగా ఉన్న పిల్లల గురించని తెలిశాక ఊపిరి పీల్చుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

పథకం పేరు 'సామర్థ్య సోపానం'. అలాంటి యువతీ యువకులకు కాలేజీలోనే వృత్తి శిక్షణ, శిక్షణ కాగానే ఉద్యోగం. పేపర్లో వచ్చిన ఈ వార్తను దర్జీ తన కుట్టుమిషను మీద పరుచుకుని రెండుసార్లు చదువుకున్నాడు. మూడోసారి పైకి చదివి భార్యకు వినిపించాడు.

"ఉద్యోగం అనే రాశారా?" అంది ఆవిడ గిన్నె తుడుస్తూ.

"ఉద్యోగమనే రాశారు."

"అయితే అచ్చుతప్పు అయ్యుంటుంది."

ఆవిడ ఎప్పుడూ అంతే. ప్రభుత్వం మీద నమ్మకం దర్జీ ఒక్కడే పెట్టుకోవాలి ఆ ఇంట్లో, ఇద్దరి వంతూ కలిపి.

వాళ్ళ అమ్మాయి బుల్లికి ఇరవై రెండేళ్ళు. ఏదైనా నేర్చుకోవాలంటే ఆమెకు మిగతావాళ్ళకంటే నాలుగింతలు సమయం పడుతుంది. ఒకసారి నేర్చుకున్నాక మర్చిపోవడమన్నది మాత్రం ఆమెకు చేతకాని పని. దుకాణంలో బొత్తాలు రంగులవారీగా ఏరేది ఆమే, కుట్టిన బట్టలు మడతపెట్టేదీ ఆమే. మడత అంచు వెంట్రుకవాసి తేడా వస్తే విప్పి మళ్ళీ మొదలుపెడుతుంది. ఎవరైనా తొందరపెడితే "అయితే నువ్వు పెట్టు చూద్దాం" అని గుడ్డ వాళ్ళ ఒళ్ళో పడేస్తుంది.

పెద్ద వీధిలోని హోటల్ మేనేజరు ఒకసారి కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చి ఆ మడతలు చూశాడు. "మా లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి కావాలి. పెద్ద మిషన్ దగ్గర పని నేర్చుకుని రమ్మనండి, తీసుకుంటాను" అన్నాడు. ఆనాటినుంచి ఆ హోటల్ ముందు నడిచినప్పుడల్లా దర్జీ చొక్కా సర్దుకునేవాడు.

కాబట్టి బుల్లి కాలేజీలో చేరింది.

శిక్షణ గది నిజంగానే బాగుంది. గోడలకు కొత్త రంగు. మధ్యలో మనిషెత్తు వాషింగ్ మిషన్, పక్కన ఆవిరి ఇస్త్రీ బల్ల. రెండింటికీ ప్లాస్టిక్ కవర్లు, కవర్ల మీద ఎర్ర రిబ్బన్లు. పన్నెండుమంది విద్యార్థులు చుట్టూ నిలబడి చూశారు. బుల్లి ముందుకెళ్ళి రిబ్బను మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు!" అంటూ ప్రిన్సిపాల్‌గారు పరుగున వచ్చారు. "ఇంకా ప్రారంభోత్సవం కాలేదు."

"మరి శిక్షణ ఎలాగండీ?" అన్నాడు దర్జీ.

"శిక్షణ ఆగే ప్రశ్నే లేదు. ప్రారంభోత్సవం అయ్యేదాకా ప్రారంభోత్సవంలో శిక్షణ ఇస్తాం."

ఆ దూరదృష్టికి దర్జీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

మర్నాటినుంచి తరగతులు ఆడిటోరియంలో జరిగాయి. పాఠం చాలా శాస్త్రీయంగా ఉంది. పేరు పిలవగానే కుడి మెట్లెక్కాలి. మంత్రిగారి చేతుల్లోంచి టూల్ కిట్ రెండు చేతులా అందుకోవాలి. కెమెరా వైపు తిరిగి నవ్వాలి. ఎడమ మెట్లు దిగాలి. అక్కడ స్టోర్‌కీపరు గోనెసంచి పట్టుకుని నిలబడి ఉంటాడు. నవ్వు చెదరకుండా కిట్ ఆయనకి ఇచ్చేయాలి. పిల్లలు పన్నెండుమంది, కిట్లు మూడు. అందుకని స్టోర్‌కీపరు వాటిని తెర వెనకనుంచి మళ్ళీ కుడి మెట్ల దగ్గరికి చేరవేస్తాడు.

"సంపద ఒకచోట ఆగిపోకూడదండీ, తిరుగుతూ ఉండాలి," అని ఆయన దర్జీకి ఆర్థికశాస్త్రం విప్పి చెప్పాడు.

"పెట్టెలో ఏముంటుందండీ?"

"పెట్టె ఉంటుంది."

మంత్రిగారు రిహార్సళ్ళకు రాలేరు కనక ఆ పాత్ర వాచ్‌మన్‌కి అప్పగించారు. మొదట్లో అతను సిగ్గుపడి మెలికలు తిరిగిపోయాడు. రానురాను మాత్రం ఆలస్యంగా రావడం, ఫోన్లో మాట్లాడుతూనే కిట్ ఇవ్వడం, పిల్లల పేర్లు తప్పుగా పిలవడం ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి. "గేటు దగ్గర ఎవరూ లేరేమయ్యా?" అని ప్రిన్సిపాల్‌గారు అడిగితే, "పరిశీలిస్తున్నాం" అన్నాడు.

అందరికీ అన్నీ వచ్చాయి. బుల్లి దగ్గరే చిక్కొచ్చింది. కుడి మెట్లు చక్కగా ఎక్కింది. కిట్ అందుకుంది. నవ్వింది. ఎడమ మెట్లు దిగి, పెట్టెను గుండెకు హత్తుకుని నేరుగా ఇంటిదారి పట్టింది.

"ఏయ్ అమ్మాయ్, అది ఇచ్చెయ్," అన్నాడు స్టోర్‌కీపరు అడ్డం వచ్చి.

"ఇచ్చారుగా. నాది."

"ఇచ్చింది ఫోటోకి."

"ఫోటో నువ్వు తీసుకో. పెట్టె నాది."

ముగ్గురు పట్టుకుని లాగితే గానీ పెట్టె ఆమె చేతుల్లోంచి రాలేదు. ప్రిన్సిపాల్‌గారు దర్జీని గదిలోకి పిలిచి కూర్చోమనలేదు.

"మీ అమ్మాయికి తీసుకోవడం వచ్చింది గానీ ఇవ్వడం రావడం లేదు. మంత్రిగారి ముందు ఇలా చేస్తే మా పరువేం కాను? రేపటినుంచి పంపించకండి."

"అంత మాటనకండి సార్. హోటల్ వాళ్ళు ఉద్యోగమిస్తామన్నారు, పని నేర్చుకుని రమ్మన్నారు..."

"ముందు ఇది నేర్పించండి. మిగతా పనులు తర్వాత."

దర్జీ మాట మీద నిలబడే మనిషి. తన మాట మీదైనా సరే, ఇంకొకరి మాట మీదైనా సరే. దుకాణం కట్టేశాక ఇంట్లో శిక్షణ మొదలుపెట్టాడు. పీట ఎక్కి వేదిక అన్నాడు. బుల్లి చేతికి దువ్వెన ఇచ్చి, నవ్వించి, వెనక్కి తీసుకున్నాడు. గ్లాసు ఇచ్చి తీసుకున్నాడు. దుప్పటి ఇచ్చి తీసుకున్నాడు. "నాది" అన్నప్పుడల్లా "తప్పు తల్లీ. మళ్ళీ" అన్నాడు.

"పిల్లకి దానం నేర్పుతున్నావా, దోచుకోనివ్వడం నేర్పుతున్నావా?" అంది భార్య.

"ఉద్యోగం నేర్పుతున్నా. నువ్వు అడ్డం రాకు."

అన్నిటికీ దారికొచ్చింది గానీ బొత్తాల డబ్బా దగ్గర మొండికేసింది. అది ఆమె చిన్నప్పటినుంచీ పోగేసుకున్న డబ్బా. ఒకే రకం బొత్తాం రెండోది ఉండకూడదని నియమం. దాన్ని దుకాణంలో కూడా పెట్టదు. దర్జీ అదే పట్టుకుని కూర్చున్నాడు. బుల్లి ఏడ్చింది, అన్నం మానేసింది, గోడవైపు తిరిగి పడుకుంది. చివరికి ఒక సాయంత్రం రెండు చేతులా డబ్బా అందుకుని, గోడ మీద క్యాలెండర్‌ని కెమెరా అనుకుని నవ్వి, అదే నవ్వుతో తండ్రి చేతిలో పెట్టేసింది.

దర్జీకి ఏనుగెక్కినంత సంతోషమైంది. "చూశావా? వచ్చేసింది!" అన్నాడు.

భార్య అతని చేతిలోంచి డబ్బా తీసుకుని కూతురి ఒళ్ళో పెట్టింది. బుల్లి నవ్వుతూ తిరిగిచ్చేసింది.

ప్రారంభోత్సవం రానే వచ్చింది. మంత్రిగారూ వచ్చారు, రావలసినదానికంటే చాలా తర్వాత. బుల్లి ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయనెవరు? మంత్రిగారేరీ?" అంటూ గేటు దగ్గరున్న వాచ్‌మన్ కోసం వెతికింది. మంత్రిగారు శిక్షణ గదిలో రిబ్బన్లు కత్తిరించారు. ప్లాస్టిక్ కవర్లు మాత్రం తియ్యనివ్వలేదు ప్రిన్సిపాల్‌గారు. అవి రెండో దశ ప్రారంభోత్సవానికట.

మంత్రిగారి పక్కన పార్టీ పరిశీలకుడు కూర్చున్నాడు. పై పదవుల జాబితా ఆయన జేబులో ఉంటుందని చెప్పుకుంటారు. అందుకే మంత్రిగారు ఆ రోజు పేదల గురించి మాట్లాడినప్పుడల్లా ఆ జేబు వైపే చూశారు.

పిల్లలందరూ కుడి మెట్లెక్కి ఎడమ మెట్లు దిగారు. కిట్లు గోనెసంచిలో పడి, తెర వెనకనుంచి తిరిగొచ్చి, మళ్ళీ పడ్డాయి. ఒక్కరూ తప్పు చేయలేదు. వెనక వరసలో దర్జీ పెదవులు కదుపుతూ కూర్చున్నాడు, మనసులోనే ఒక్కొక్కరితో మెట్లెక్కి దిగుతూ.

ఆఖరున బుల్లి పేరు పిలిచారు. "ఇప్పుడు మన పరిశ్రమ భాగస్వామి ఈ అమ్మాయికి ఉద్యోగం అందజేస్తారు!" అన్నారు మైకులో. హోటల్ మేనేజరు లేచాడు. పాపం, ప్రభుత్వ సభలకు కొత్త. ఉద్యోగం తీసుకురమ్మంటే నిజంగానే ఉద్యోగం తెచ్చాడు. మడతపెట్టిన నీలం యూనిఫాం, దాని జేబుకి తగిలించిన గేటు పాసు.

"మిషన్ పని మేమే నేర్పుకుంటాం లేమ్మా. సోమవారం నుంచి వచ్చెయ్," అన్నాడు. కెమెరావాడు కోరితే యూనిఫాం మడత విప్పి బుల్లి భుజాలకు ఆనించి చూపించాడు.

దర్జీ వెనక వరసలోంచే దాని కొలతలు చూశాడు. భుజం కొలత సరిగ్గా బుల్లిది. కుడి చెయ్యి కాస్త పొట్టి ఆమెకు, కుడి చేతి అంచు అంతకు తగ్గట్టే మడిచి కుట్టారు. ఫోటో కోసం ఎవరూ అలా కుట్టరు.

"బుల్లీ! ఇవ్వకు!" అని కుర్చీ మీదికెక్కి అరిచాడు. చప్పట్ల హోరులో ఆ కేక అతని చెవికే అందలేదు. తండ్రి చేతులూపడం మాత్రం బుల్లికి కనిపించింది. ఇంకా పెద్దగా నవ్వింది. యూనిఫాం మళ్ళీ మడతపెట్టింది, అంచుకు అంచు కలిపి. ఎడమ మెట్లు దిగింది. రెండు చేతులా గోనెసంచిలో పెట్టింది.

దర్జీ జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది.

"నవ్వుతూ ఇచ్చా నాన్నా! చూశావా?"

"చూశానమ్మా," అన్నాడు. గోనెసంచి మూతి గట్టిగా పట్టుకుని స్టోర్‌కీపరు వైపు తిరిగాడు. "అయ్యా, అది మా అమ్మాయిది. అది నిజం ఉద్యోగమండీ!"

"సంచిలో పడ్డాక అన్నీ ఒకటే. చెయ్యి తియ్యి."

ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. "ఇలాంటి శుభవేళ గొడవేమిటండీ? మీ అమ్మాయికి ఉద్యోగం ఇచ్చేశాం, మైకులో కూడా చెప్పాం. ఆమె ఇచ్చేసింది కాబట్టి ఉద్యోగం ఇంకా మిగిలే ఉంది. వచ్చేవారం పక్క ఊరి కాలేజీలో ఇంకో అమ్మాయికి ఇస్తాం. ఆ పైవారం ఇంకో ఊళ్ళో. ఒక్క ఉద్యోగంతో ఎంతమందికి ఉపాధో ఆలోచించండి!"

"మేనేజరుగారితో నేను మాట్లాడుకుంటానండీ..."

"ఆయనేం చేస్తారు? ఆ పోస్టును శాశ్వతంగా పథకానికే అంకితమిచ్చేశారని మంత్రిగారు ఇందాకే ప్రకటించారు. వినలేదా?"

దర్జీ తలెత్తి చూశాడు. వేదిక మీద మేనేజరు భుజాల నిండా శాలువాతో నిలబడి ఉన్నాడు. ఆ ప్రకటన ఆయనా అప్పుడే విన్నట్టున్నాడు. పక్కనున్న అధికారి ఆయన్ని మెల్లగా ఎడమ మెట్ల వైపు నడిపిస్తున్నాడు, శాలువా అంచు ముందే పట్టుకుని.

ఇంతలో బాణసంచా పేలినట్టు నినాదాలు. పరిశీలకుడు జేబులోంచి ఎర్ర ముద్ర వేసిన కవరు తీశాడు. మంత్రిగారి అకుంఠిత సేవకు గుర్తింపుగా ఆయనకు ఇంకో మెట్టు పై పదవి ఇస్తున్నట్టు ప్రకటించాడు. మంత్రిగారు కవరు రెండు చేతులా అందుకున్నారు. కెమెరాల వైపు తిరిగి నవ్వారు. కుడి మెట్లు అనుచరులతో కిక్కిరిసి ఉండడంతో ఎడమ మెట్లు దిగారు. వెనకే పరిశీలకుడూ దిగాడు. గోనెసంచి దగ్గర, దర్జీకీ బుల్లికీ ఎదురుగా, చెయ్యి చాపాడు.

"ఇటివ్వండి."

"ఏదండీ?" అన్నారు మంత్రిగారు.

"కవరు. సాయంత్రం పక్క ఊళ్ళో సభ ఉంది. అక్కడి మంత్రికి ఇవ్వాలి."

మంత్రిగారి నవ్వు మొహం మీదే ఉంది, దిగడానికి దారి తెలియనట్టు. కవరును గుండెకు హత్తుకున్నారు.

"అదేమిటండీ, ఇచ్చారుగా! నాది!"

"ఇచ్చింది ఫోటోకి."

పరిశీలకుడు కవరు ఒక అంచు పట్టుకున్నాడు. మంత్రిగారు రెండో అంచు వదల్లేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్రిన్సిపాల్‌గారు ఆకాశం వైపు, స్టోర్‌కీపరు సంచి వైపు చూస్తూ నిలబడ్డారు. బుల్లికి మాత్రం జాలేసింది. దగ్గరికెళ్ళి మంత్రిగారి చొక్కా చెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది.

"ఏడవకండి. నేనూ మొదట్లో ఇవ్వలేదు. నవ్వుతూ ఇచ్చెయ్యాలి," అంది. ఆయనకు అర్థం కాలేదేమోనని తండ్రిని చూపించింది. "రాకపోతే మా ఇంటికి రండి. మా నాన్న బాగా నేర్పుతాడు."